జీపీఎస్ కొనేముందు దాన్ని రేవు దాటించి చూడండి

మా బావమరిది అమెరికా నుంచి వస్తూ నాకో జీపీఎస్ డబ్బా తెచ్చాడు. అరచేతికి కాస్త పెద్దది, ముందు అద్దానికి అతికించుకునే రబ్బరు కప్పు, కారు సాకెట్‌లో పెట్టుకునే చార్జరు, అన్నీ ఉన్నాయి. రావులపాలెం సెంటర్‌లో కారాపి ఆన్ చేస్తే ఉపగ్రహాలు దొరికాయంది, మనం ఏ అక్షాంశం మీద ఏ రేఖాంశం మీద ఉన్నామో అంకెలతో సహా చెప్పింది. చుట్టూ మాత్రం ఏమీ లేదు. గోదావరి లేదు, హైవే లేదు, ఖాళీ తెర మధ్యలో ఒక్క కారు బొమ్మ. అందులో ఉన్నది ఉత్తర అమెరికా మ్యాపు. డల్లాస్‌లో ఏ సందు ఎటు తిరుగుతుందో దానికి తెలుసు, పక్కనున్న కొత్తపేట తెలీదు. ఇండియా మ్యాపు విడిగా కొనుక్కోవాలట, ఆ మోడల్‌కి అది కూడా ఆపేశారట. ప్రస్తుతం మా అబ్బాయి దాంతో ఆడుకుంటున్నాడు.

నవ్వులాటే కానీ, జీపీఎస్ కొనేవాళ్లలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఆకాశం నుంచి వచ్చేది మనం ఎక్కడున్నామన్న సంగతి ఒక్కటే. దారి ఆకాశం నుంచి రాదు. దారి మ్యాపులో ఉంటుంది, ఆ మ్యాపు ఎవరో భూమ్మీద కూర్చుని, లేదా కారులో తిరిగి గీసింది. షాపులో మనం డబ్బా చూస్తాం, తెర ఎన్ని అంగుళాలో చూస్తాం, వారంటీ అడుగుతాం. మ్యాపు ఎవరిది, ఎప్పటిది, తప్పుంటే ఎవరు దిద్దుతారు అని అడిగేవాళ్లు చాలా తక్కువ. మిగతా ఊళ్ల సంగతేమో కానీ, ఏటికీ కాలువకీ మధ్య బతికే మన గోదావరి డెల్టాలో అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

ముందు ఆకాశం సంగతి తేల్చేద్దాం, అక్కడ పెద్ద గొడవేం లేదు. అమెరికా వాళ్ల జీపీఎస్ ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి, కనీసం నాలుగింటి సంకేతం అందితే మన చోటు లెక్కకొస్తుంది. 2000 మే దాకా అమెరికా సైన్యం ఆ సంకేతాన్ని కావాలనే కాస్త చెడగొట్టి పంపేది, సామాన్యులకు వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. వంద మీటర్లంటే మన దగ్గర ఊరు మారిపోతుంది. ఇప్పుడు తెరిపి చోట మామూలు ఫోను కూడా ఐదు మీటర్ల అటూ ఇటూగా చెబుతుంది. మనకు కొండల్లేవు, లోయల్లేవు, ఇరవై అంతస్తుల మేడల్లేవు, ఉన్నవల్లా కొబ్బరి చెట్లు, వాటి ఆకుల సందుల్లోంచి సంకేతం బాగానే దిగుతుంది. అందుకని "ఇది జీపీఎస్‌తో పాటు రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో కూడా పట్టుకుంటుందండీ" అని షాపువాడు చెబితే విని తలూపండి, దాని కోసం అదనంగా డబ్బులు మాత్రం పెట్టకండి. మన దేశం సొంతంగా పెట్టుకున్న ఇలాంటి ఉపగ్రహ వ్యవస్థ నావిక్ మీద నాకూ అభిమానమే, 2013 జులైలో శ్రీహరికోట నుంచి మొదటి ఉపగ్రహం ఎగిరిన రోజు టీవీకి అతుక్కుపోయినవాణ్నే. కానీ మొదటి వరస నావిక్ ఉపగ్రహాలు పంపేవి వేరే ఫ్రీక్వెన్సీలు, మామూలు జీపీఎస్ రిసీవర్లు ఎక్కువగా వాడే ఎల్1 ఫ్రీక్వెన్సీ 2023లో వెళ్లిన ఎన్‌వీఎస్-01 అనే నావిక్ ఉపగ్రహంతోనే మొదలైంది, 2025 జనవరిలో పంపిన ఎన్‌వీఎస్-02 ఏమో అనుకున్న కక్ష్యకే చేరలేదు. కాబట్టి అమలాపురం నుంచి రాజోలు వెళ్లడానికి ఏ దేశం ఉపగ్రహమన్నది అసలు సమస్య కాదు.

సమస్య కాలువ. ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట పూర్తయ్యాక కాటన్ దొర తవ్వించిన కాలువలు, వాటి పిల్ల కాలువలు, వాటి కింద బోదెలు, మన ఊళ్లన్నీ ఈ వల మీద కట్టుకున్నవి. రోడ్లు కూడా వాటి గట్లే. కాలువకి ఈ గట్టు మీదొక రోడ్డు, ఆ గట్టు మీదొక రోడ్డు, రెంటికీ మధ్య దూరం కాలువ వెడల్పంత. జీపీఎస్ డబ్బా ఏం చేస్తుందంటే, ఆ ఐదు మీటర్ల తేడా కనిపించకుండా మన కారు బొమ్మని దగ్గర్లో ఉన్న రోడ్డు గీత మీదికి లాగి కూర్చోబెడుతుంది. ఆ గీత పది మీటర్లు పక్కకి గీసి ఉంటే, లేదా మనమున్న గట్టు రోడ్డు మ్యాపులోకి ఎక్కనే లేకపోతే, కారు బొమ్మ అవతలి గట్టు మీద పరిగెడుతుంటుంది. "రెండు వందల మీటర్లలో ఎడమకు తిరగండి" అంటుంది. మనకు ఎడమవైపున్నది నిండు కాలువ.

ఇంకోటి కూడా అందరికీ అనుభవమే. అంబాజీపేట దగ్గర ఒక పల్లెకి, మా పిన్ని వాళ్ల కొత్తింటి గృహప్రవేశానికి వెళ్లాం. "మీరు గమ్యం చేరుకున్నారు" అంది ఫోను. నిజమే, చేరాం. షామియానా కనిపిస్తోంది, మైకు వినిపిస్తోంది, వంటల దగ్గర నిలబడ్డ బాబాయి చెయ్యి కూడా ఊపుతున్నాడు. మధ్యలో కాలువ. వంతెన రెండు కిలోమీటర్లు వెనక్కి పోతే ఉంది. ఎందుకిలా అవుతుందంటే, ఆ ఇంటి ముందున్న సిమెంటు రోడ్డు మ్యాపులో లేనప్పుడు సాఫ్ట్‌వేరు ఆ ఇంటికి గాల్లో కొలిచి అన్నిటికంటే దగ్గరగా ఉన్న రోడ్డేదో వెతికి మనల్ని అక్కడికి తీసుకెళ్లి దింపేస్తుంది. గాలికి కాలువ అడ్డం కాదు కదా. పదివేల డబ్బా కొన్నా, ముప్పైవేల డబ్బా కొన్నా, లోపలి మ్యాపులో ఆ సిమెంటు రోడ్డు లేకపోతే ఇదే జరుగుతుంది, కాకపోతే ఖరీదైన దాని గొంతు ఇంకాస్త మర్యాదగా ఉంటుంది.

కాలువ వరకైతే రెండు కిలోమీటర్ల పెట్రోలుతో పోతుంది. గోదావరి దగ్గర అలా కాదు. నర్సాపురం నుంచి సఖినేటిపల్లికి వశిష్ఠ పాయ మీద పంటు, అంటే బళ్లనీ మనుషుల్నీ ఏరు దాటించే ఫెర్రీ, కోటిపల్లి నుంచి ముక్తేశ్వరానికి గౌతమి పాయ మీద పంటు. మ్యాపులో పంటు దారి గీసి ఉందా, సాఫ్ట్‌వేరుకి అదీ ఒక రోడ్డే, దగ్గర దారి అని సంతోషంగా చూపిస్తుంది. రాత్రి ఎన్నింటికి ఆపుతారో, వరదొస్తే కట్టేస్తారో దానికేం తెలుసు? గీసి లేదా, ఏటికి ఎదురుగా అంతర్వేది గుడికి వెళ్లేవాణ్ని చించినాడ వంతెన మీదుగా చుట్టు తిప్పి తీసుకెళ్తుంది, రేవులో పంటు ఖాళీగా ఎదురుచూస్తున్నా సరే. రెండు తప్పులూ చూశాను. కొన్నేళ్ల కిందట ఆగస్టులో ఒక రాత్రి రేవు దాకా వెళ్లి హెడ్‌లైట్ల వెలుగులో ఎర్రటి నీళ్లు చూసి బ్రేకు తొక్కాను. టీ కొట్టు కట్టేస్తున్న పెద్దాయన దగ్గరికొచ్చి "ఫోను చెప్పిందాండీ? ఈ వారంలో మీరు నాలుగోవారండి ఆయ్" అన్నాడు.

ఆయన నవ్వాడు, నేనూ నవ్వాను, కానీ వెనక్కి తిరిగాక చేతులు వణికాయి. 2023 అక్టోబరులో కేరళలోని ఎర్నాకుళం జిల్లాలో వాన రాత్రి కారు నదిలోకి దిగిపోయి ఇద్దరు యువ డాక్టర్లు చనిపోయారు, మ్యాపు చూసుకుంటూ వచ్చారని వార్తలు. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లో బరేలీ దగ్గర, వరదకు ఒక భాగం కొట్టుకుపోయిన వంతెన మీదికి కారు ఎక్కి రామగంగలో పడి ముగ్గురు పోయారు. మనకి ఇవి దూరపు వార్తలు కావు. వరదొచ్చిందంటే చాకలిపాలెం–కనకాయలంక కాజ్‌వే, అంటే ఏటిపాయ మీద తక్కువ ఎత్తులో వేసిన రోడ్డు, మునిగిందన్న వార్త రాని ఏడాది ఉందా? ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ అంకెలు మన చిన్నపిల్లలకి కూడా నోటికొచ్చు. కారులో పెట్టుకునే డబ్బాకి మాత్రం తెలీవు, దాని మ్యాపులో జులైలోనూ జనవరిలోనూ కాజ్‌వే కాజ్‌వేనే.

ఊళ్ల పేర్ల తంటా గురించి ఎక్కువ చెప్పను, అందరూ పడ్డదే. గన్నవరం అని కొడితే విజయవాడ విమానాశ్రయం దగ్గరికి దారి చూపిస్తుంది, మనది పి.గన్నవరం. రామచంద్రపురం అంటే హైదరాబాద్ శివారులో ఒకటుంది. నర్సాపూర్ మెదక్ వైపూ ఉంది. ద్రాక్షారామాన్ని ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తారో రాసినవాళ్లకే తెలీదు. కాబట్టి తెలుగులో టైపు చేస్తే వెతకగలదా, పోనీ అంకెల్లో అక్షాంశ రేఖాంశాలు కొడితే తీసుకుంటుందా అని చూసుకోవాలి, చాలా డబ్బాలు రెండోది తీసుకుంటాయి. తపాలా శాఖ 2025లో డిజిపిన్ అని పది అక్షరాల చిరునామా తెచ్చింది, నాలుగు మీటర్ల చదరానికి ఒక కోడు. లంకలో డోర్ నెంబరు లేని మకాంకి కూడా అది దొరుకుతుంది. ఇలాంటివి అర్థం చేసుకునేది ఫోనులో యాప్ అయితే ఒక అప్‌డేట్‌తో నేర్చుకుంటుంది, విడి డబ్బా నేర్చుకోవడం కష్టం.

ఇంతకీ డబ్బా కొనాలా వద్దా? నా మటుకు, కోనసీమ, భీమవరం, కాకినాడ చుట్టూ తిరిగేవాళ్లకి వద్దు. ఇంట్లో మూలన పడున్న పాత ఫోను, సిమ్ లేకపోయినా ఫర్వాలేదు, తీసి కారుకే అంకితం చేయండి. ఉపగ్రహ సంకేతానికి నెట్ అక్కర్లేదు, మొదటిసారి చోటు పట్టుకోవడానికి ఒకటి రెండు నిమిషాలు ఎక్కువ తీసుకుంటుంది, అంతే. ఇంట్లో వైఫై మీద గూగుల్ మ్యాప్స్‌లో రాజమండ్రి నుంచి సముద్రం దాకా ఏరియాని డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే, ఏటిగట్టు మీద సిగ్నల్ పోయినా దారి పోదు, ట్రాఫిక్ సంగతి ఒక్కటే తెలీదు. తెలుగులో మాట్లాడుతుంది కూడా. దాంతో పాటు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద నడిచే ఆర్గానిక్ మ్యాప్స్ లాంటిదొకటి వేసుకోండి. ఇది 2004లో మొదలైన, ఎవరైనా దిద్దగల మ్యాపు. మీ ఊరి చిన్న వంతెన లేకపోతే మీరే గీయొచ్చు, మా పిన్ని వాళ్ల వీధి నేనే గీశాను. ఆ తర్వాత వాళ్లింట్లో అప్పగింతలకి వెళ్లినప్పుడు ఎవరూ కాలువ అవతల దిగలేదు. ఇక మ్యాప్‌మైఇండియా వాళ్ల మ్యాపుల్స్ ఉంది, 1995 నుంచి ఈ దేశం మ్యాపులే వాళ్ల పని. మూడూ పెట్టుకుని ఒకే దారి మూడింట్లో చూస్తే ఎక్కడ తేడా కొడుతుందో అక్కడ ఎవర్నైనా ఆపి అడగాలని తెలిసిపోతుంది.

ఫోనుతో ఇబ్బందులు లేవని కాదు. మే నెల ఎండకి డాష్‌బోర్డు మీద పెడితే కాలిపోయి దానంతటదే ఆగిపోతుంది, అద్దం దగ్గర కాకుండా ఏసీ గాలి వచ్చే చోట హోల్డరు బిగించుకోవాలి. రోజూ మాట్లాడే ఫోనే వాడితే సరిగ్గా మలుపు దగ్గర మామగారు ఫోన్ చేస్తారు, పాత ఫోను విడిగా పెట్టమన్నది అందుకే. చట్టం కూడా గుర్తుంచుకోండి: 2020 అక్టోబరు నుంచి డ్రైవింగ్‌లో ఫోన్ని దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ ధ్యాస చెదరకుండా వాడొచ్చన్నారు.

విడి డబ్బా ఎవరికి పనికొస్తుందంటే, దూరాలు తోలే టాక్సీ వాళ్లకి, ఫోను అంటేనే చిరాకు పడే పెద్దవాళ్లకి. ఎండకి అది ఫోను కంటే బాగా ఓర్చుకుంటుంది, తెర పెద్దది. కానీ బ్యాటరీ మీద గంట వస్తే గొప్ప, ఎప్పుడూ చార్జరుకి కట్టేసే ఉంచాలి. "లైఫ్‌టైమ్ మ్యాప్స్" అని అట్టపెట్టె మీద ఉంటే మురిసిపోకండి, ఆ లైఫు మీది కాదు, డబ్బాది, కంపెనీ ఆ మోడల్‌కి మ్యాపులు ఇస్తున్నంత కాలమే. సెకండ్ హ్యాండ్ అయితే మా బావమరిది కథ ఇంకోసారి చదవండి. అన్నట్టు షాపుకెళ్లి ఊరికే "జీపీఎస్ కావాలి" అనకండి, లారీల వాళ్ల పుణ్యమా అని ఆ మాటకి బండి ఎక్కడుందో ఓనరుకి చెప్పే ట్రాకర్ అనే అర్థం వచ్చేసింది, అది మీకు దారి చూపించదు, మీరు దారి తప్పారని ఇంకెవరికో చూపిస్తుంది.

కొనే ముందు షాపులోనే మూడు అడగండి. ఒకటి, పి.గన్నవరం అని కొట్టి ఏ జిల్లాకి పోతోందో చూడండి. రెండు, కాలువ అవతల ఉన్న మీ చుట్టాల ఇల్లొకటి పెట్టి, దారిలో వంతెన ఎక్కించిందో లేదో వేలితో జరుపుకుంటూ చూడండి. మూడు, నర్సాపురం నుంచి సఖినేటిపల్లి అడిగి, సెట్టింగ్స్‌లో ఫెర్రీలు వద్దని పెట్టి మళ్లీ అడగండి, దారి మారాలి. నేను రాజమండ్రిలో ఒక షాపులో ఈ మూడూ అడిగితే కౌంటరు దగ్గర కుర్రాడు ఓపిగ్గానే కొట్టి చూపించాడు. మొదటిది సరిగ్గా చెప్పింది, రెండోదానికి వంతెన కూడా కనుక్కుంది, నేను పర్సు కూడా తీశాను. మూడోదానికి ఫెర్రీలు వద్దన్నా మళ్లీ పంటే ఎక్కించింది. ఆ రోజు ధవళేశ్వరంలో రెండో ప్రమాద హెచ్చరిక నడుస్తోంది. కుర్రాడే పెట్టె మూసేసి, "తగ్గాక రండి సార్" అన్నాడు.