అప్పు ఇచ్చారు సరే, అంగడి ఏది?

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో గానీ, ఒంగోలు లాయర్‌పేటలో గానీ ఏ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు తెరిచినా కేకుల ఫొటోలే. రెడ్ వెల్వెట్, బటర్‌స్కాచ్, పిల్లాడి బొమ్మ అచ్చేసిన ఫొటో కేకు, కార్తీక మాసమైతే ఎగ్‌లెస్. చేసేవాళ్లు దాదాపు అందరూ ఆడవాళ్లే. లాక్‌డౌన్ రోజుల్లో యూట్యూబ్ చూసి, కుక్కర్లో ఇసుక పోసి మొదలుపెట్టినవాళ్లు ఇవాళ ఓటీజీ ఓవెన్లు, కేకుని తిప్పుతూ క్రీము పూసే టర్న్‌టేబుళ్లు కొనుక్కున్నారు. ఇదంతా మీకు తెలిసిందే. ఇంత కేకు తయారవుతున్నా ఈ రెండు ఊళ్లలో అది బయట ఎక్కడా కనపడకపోవడమే నాకు వింతగా ఉంటుంది. ఆవకాయ కనపడుతుంది, అప్పడాలు కనపడతాయి, జంతికలు బండి మీద కొండలా పోసి ఉంటాయి. ఇంటి కేకు మాత్రం అట్టపెట్టెలో, స్కూటీ మీద కాళ్ల దగ్గర ఇరుక్కుని, ఎవరి కంటా పడకుండా ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి వెళ్లిపోతుంది.

ఆ కేకు బయటికి రావాలి. వారానికి ఒక సాయంత్రమైనా, ఆరుబయట మార్కెట్లో, బల్ల మీద, ముక్కల లెక్కన అమ్ముడుపోవాలి. అందుకు చోటు చూపించాల్సింది కార్పొరేషన్లు.

ఆర్డరు కేకు లెక్క ఒకసారి చూడండి. ముందు ఎవరిదో ఒకరి పుట్టినరోజు రావాలి. కేకు మీద ఒకరి పేరు రాశాక వాళ్లు చివరి నిమిషంలో వద్దంటే ఇంకెవరికీ పనికిరాదు. మధ్యలో కరెంటు పోతే ఓవెన్‌లో సగం పొంగిన కేకు నడుమ గుంటపడిపోతుంది. మళ్లీ మైదా, గుడ్లు, వెన్న మొదటి నుంచి. డెలివరీ ఇంటాయన పని. స్పీడ్ బ్రేకర్ దగ్గర క్రీము ఓ పక్కకి జారిందంటే వంద తగ్గించమంటారు. ఇంత చేశాక "బేకరీలో ఇంతకన్నా తక్కువకే వస్తుంది కదక్కా" అని ఒక మెసేజ్. ముక్కూ మొహం తెలియని మనిషి చేసిన కేకుని, రుచి కూడా చూడకుండా, అయిదారు వందలు పోసి ఎవరు కొంటారు? కాబట్టి అమ్మకమంతా తెలిసినవాళ్లకే. తెలిసినవాళ్ల దగ్గర గట్టిగా ధర చెప్పలేం, బాకీ అడగలేం.

అదే చేత్తో చేసిన అరటిపండు కేకుని ముక్కలుగా కోసి, ఒక్కోటీ బటర్ పేపర్లో చుట్టి, అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో "ముక్క 20" అని రాసి పెట్టండి. వ్యవహారం పూర్తిగా మారిపోతుంది. కొనేవాడు నష్టపోతే పోయేది ఇరవై రూపాయలు. కూరలకొచ్చిన మనిషి ఒకటి తింటాడు, ఇంట్లో పిల్లలకి రెండు కట్టించుకుంటాడు. నచ్చితే పై వారం మళ్లీ వస్తాడు, ఆ తర్వాత పాప పుట్టినరోజుకి కేజీ కేకు చెప్తాడు. కొత్త గిరాకీ పుట్టేది ముక్క దగ్గరే. బేకరీలకి ఈ సంగతి బాగా తెలుసు కాబట్టే అద్దాల బీరువాలో పేస్ట్రీ ముక్కలు ముందు వరసలో పెడతాయి. ఇంట్లో చేసే ఆమెకి ఆ అద్దాల బీరువా లేదు, అంతే తేడా. పైగా రాత్రి ఎనిమిదింటికి ఏది అయిపోయింది, ఏది మిగిలింది అన్నది బల్లే చెప్తుంది. ఇన్‌స్టాలో పడే లైకులు ఆ లెక్క చెప్పలేవు.

మన ఎండల్లో క్రీము నిలుస్తుందా అంటారు. నిలవదు. మే నెలలో నెల్లూరు సాయంత్రం ఏడింటికి కూడా క్రీము జారిపోతుంది. మార్కెట్టుకి తేవాల్సింది క్రీము కేకు కానే కాదు. ప్లమ్ కేకు, టీ కేకు, రాగిపిండి బెల్లం కేకు, కొబ్బరి కేకు. నన్నడిగితే ఇదీ ఒక లాభమే. కేకంటే వనస్పతి నూనెతో తయారైన నాన్ డెయిరీ క్రీముని కొండలా వేయడమే అని మనకి అలవాటైపోయింది. దాని కింద ఉన్న కేకు రుచి ఎవడికీ గుర్తుండదు.

అసలు అడ్డం వేరే ఉంది. అది పరువు.

భార్య వాట్సాప్‌లో కేకులు అమ్ముతుందంటే ఇంట్లో వాళ్లకి ముచ్చట. అదే భార్య సంత దగ్గర బల్ల వేసుకుని కూర్చుంటానంటే "మనకంత ఖర్మేం పట్టింది" అన్న మాట వస్తుంది. మైపాడు నుంచీ కొత్తపట్నం నుంచీ పొద్దున్నే చేపల బుట్టలు ఎత్తుకుని వచ్చే ఆడవాళ్లు తరతరాలుగా బజార్లో కూర్చునే ఇళ్లు నడిపారు, పిల్లల్ని చదివించారు. వాళ్లని చూసి నేర్చుకోవాల్సింది పోయి, వాళ్ల పక్కన కూర్చోవడమే తక్కువతనం అనుకునే మధ్యతరగతి మనది. శుభ్రత, దుమ్ము, ఈగలు అని చెప్పే కారణాల్లో చాలావాటికి వెనక ఈ పరువే కూర్చుని ఉంటుంది.

పరువుకి ఇంకో ముఖం కూడా ఉంది. వాట్సాప్ గ్రూపులో కొనేది మనవాళ్లు. మనవాళ్లంటే మన కాలనీ, మన బంధువులు, మన కులం. ఆ గ్రూపులోకి ఎస్సీ కాలనీ నుంచి ఒకామె కేకు ఫొటో ఎలా వస్తుంది? నంబరే ఉండదు. మార్కెట్ బల్ల మీద ముక్కకి ఇంటిపేరు ఉండదు. దాంతో కులం పోతుందని నేననను, కానీ ఇరవై రూపాయలు చేతులు మారేటప్పుడు అడిగే ప్రశ్నలు తగ్గుతాయి. ఇది జరగని పని అనేవాళ్లు మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువు గట్టుకి వెళ్లి చూడండి. బారాషహీద్ దర్గా రొట్టెల పండగకి లక్షల మంది వస్తారు. కోరికకో రొట్టె: చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఉద్యోగ రొట్టె. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, కోరిక తీరినవాళ్ల చేతుల్లోంచి రొట్టె అందుకుని కళ్లకద్దుకుని తింటారు. ఏ ఇంటి పొయ్యి మీద కాలింది, పిండి ఎవరు పిసికారు అని ఒక్కరూ అడగరు. పరాయి చేతి రొట్టె తినే ఊరికి పరాయి చేతి కేకు ఎక్కువైందా?

కేకు మన తిండి కాదనేవాళ్లకి ఒక్క మాట. అమెరికన్ బాప్టిస్టు మిషన్ నెల్లూరుకి 1840లో వచ్చింది, ఆ తర్వాత ఒంగోలుకి. క్రిస్మస్ అంటేనే కేకు, ఆ క్రిస్మస్ మన రెండు జిల్లాల్లో నిన్నగాక మొన్న వచ్చిన పండగ కాదు.

చట్టం సంగతికొస్తే, అది మనం భయపడినంత పులి కాదు. 2006 ఆహార భద్రత చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనల ప్రకారం, టర్నోవరు తక్కువ ఉన్న చిన్న తయారీదారుకి లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ చాలు. ఫీజు ఏడాదికి 100 రూపాయలు. ఆహార భద్రత సంస్థ వాళ్ల ఫాస్కాస్ పోర్టల్లో దరఖాస్తు పెడితే ఏడు రోజుల్లో రిజిస్ట్రేషన్ ఇవ్వాలి, లేదా కారణం రాసి తిరస్కరించాలి, లేదా తనిఖీకి నోటీసివ్వాలి. ముప్ఫై రోజులైనా ఏ నిర్ణయమూ చెప్పకపోతే వ్యాపారం మొదలుపెట్టుకోవచ్చని నిబంధనలోనే ఉంది. జీఎస్టీ 40 లక్షలు దాటితే గానీ సరుకు అమ్మేవాళ్ల జోలికి రాదు, కేకుల మీద ఆ పన్ను కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం కాస్తా 5 శాతానికి దిగింది. ప్యాక్ చేసి అమ్మితే తయారైన తేదీ రాయాలి, గుడ్డు వేస్తే మాంసాహార గుర్తు వేయాలి. వంద రూపాయల కాగితం, రెండు స్టిక్కర్లు. దీనికి టెన్షన్ ఎందుకు?

చట్టంతో చిక్కల్లా చోటు దగ్గరే. 2014 వీధి వ్యాపారుల చట్టం మంచి చట్టమే. వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారుల ప్రతినిధులు ఉండాలంది, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలంది. కానీ వీధిలో అమ్ముకోవడానికిచ్చే వెండింగ్ సర్టిఫికెట్ కావాలంటే తనకి వేరే జీవనాధారం లేదని హామీ రాసివ్వాలి. పగలు మిషన్ కుడుతూ, వారానికి ఒక పూట కేకులు అమ్ముకుందామనుకునే ఆమె ఆ కాగితం మీద ఎలా సంతకం పెడుతుంది? రోజంతా రోడ్డు మీద ఉండే వ్యాపారి కోసం రాసిన చట్టం అది. ఒక పూట బల్ల వేసే మనిషి దానికి కనపడదు.

బేకరీ యజమానుల గోడు కూడా ఉంది. మేం షాపు అద్దె కట్టాలి, కమర్షియల్ కరెంటు కట్టాలి, పెద్ద సిలిండరు కొనాలి, ఇంట్లో వాళ్లకి ఇవేమీ లేవు, ఇదేం న్యాయం అంటారు. మాటలో నిజం ఉంది. కానీ వారానికి నాలుగు గంటల బల్ల, వారమంతా రాత్రి పది దాకా తెరిచి ఉండే షాపుకి పోటీ అవుతుందా? కల్తీ మీద భయం ఉంటే ఫుడ్ ఇన్‌స్పెక్టరుకి వంద వంటిళ్లు తిరగడం కన్నా ఒకే చోట ముప్ఫై బల్లలు చూడటం తేలిక. కనపడకుండా స్కూటీల మీద తిరిగే కేకునే ఎవరూ తనిఖీ చేయలేరు.

ఇక నేను చాలాకాలంగా అడుగుతున్న మాట. ఈ దేశానికి ఆడవాళ్ల పొదుపు నేర్పిన జిల్లాల్లో నెల్లూరు ముందుంటుంది. 1992లో ఈ జిల్లాలోని దూబగుంట అనే పల్లెలో అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా పోయింది, 1995 జనవరిలో రాష్ట్రమంతా సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. మందు మళ్లీ వచ్చింది, అది వేరే సంగతి. సారాకి పోకుండా మిగిలిన డబ్బుని రోజుకో రూపాయి లెక్కన దాచుకుంటూ పొదుపు లక్ష్మి సంఘాలు పుట్టింది కూడా ఈ జిల్లాలోనే. అక్కడి నుంచి డ్వాక్రా, బ్యాంకు లింకేజీ, సున్నా వడ్డీ. ముప్ఫై ఏళ్లు దాటింది. ఇప్పటికీ సంఘం మీటింగులో ఆర్పీ, అంటే సంఘాల్ని చూసుకునే రిసోర్స్ పర్సన్, అడిగేది కిస్తీ కట్టారా అనే. తీసుకున్న డబ్బుతో ఏం చేశారు, చేసింది ఎక్కడ అమ్ముతున్నారు అని అడిగేవాళ్లు అరుదు. అందుకే ఆ డబ్బు స్కూలు ఫీజుకి పోతుంది, కుదువ పెట్టిన గాజులు విడిపించడానికి పోతుంది, ఆస్పత్రికి పోతుంది. లోనుతో ఓవెన్ కొన్న ఆమె కూలి డబ్బుతో కిస్తీ కడుతుంది. దాన్ని మహిళా సాధికారత అని ఫ్లెక్సీలు వేస్తారు.

అప్పివ్వడం సులువు. బ్యాంకు ఇస్తుంది, సంఘం హామీ ఉంటుంది, వసూలు గ్యారంటీ. అంగడి ఇవ్వాలంటే ఊరి నడిబొడ్డున జాగా వదలాలి, పార్కింగ్ వాళ్లకి, ఆక్రమించుకున్నవాళ్లకి, వార్డులో పలుకుబడి ఉన్నవాళ్లకి ఎదురు చెప్పాలి. పార్టీ ఏదైనా అందరూ అప్పుల దగ్గరే ఆగిపోవడానికి కారణం అదే. ఏడాదికోసారి ఎగ్జిబిషన్ గ్రౌండులో డ్వాక్రా బజారు పెట్టి, మంత్రిగారు రిబ్బన్ కత్తిరించి, ఒక లడ్డు నోట్లో పెట్టుకుని వెళ్లిపోతారు. వ్యాపారం వారం వారం ఉంటేనే నిలబడుతుంది. రైతు దళారీ లేకుండా నేరుగా అమ్ముకోవాలని 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలుపెట్టినప్పుడు కూడా జరిగే పనేనా అన్నవాళ్లున్నారు. ఇవాళ అవి లేని ఊరిని ఊహించుకోలేం.

ఆ రైతుబజార్లే దీనికీ సరిపోతాయి. షెడ్లున్నాయి, కుళాయి ఉంది, లైట్లున్నాయి, పొద్దుటి రద్దీ సాయంత్రానికి ఉండదు. నెల్లూరులో ఫత్తేఖాన్‌పేటతో మొదలుపెట్టొచ్చు, ఒంగోలులో కూడా రైతుబజారులోనే. శనివారం సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది దాకా. ఆదివారం వద్దంటున్నాను, చర్చికి వెళ్లే ఇళ్లు ఈ రెండు ఊళ్లలో తక్కువేం కాదు, వాటిలో ఓవెన్లున్న ఇళ్లూ తక్కువ కాదు. రిజిస్ట్రేషన్ నంబరున్న ఎవరికైనా లాటరీ తీసి బల్ల ఇవ్వండి, పూటకి యాభై రూపాయలు తీసుకోండి, పక్కన చెత్తబుట్ట పెట్టండి. నవంబరులో మొదలుపెడితే క్రిస్మస్ నాటికి ఎవరి ప్లమ్ కేకు బాగుందో ఊరికి తెలిసిపోతుంది. ఆ డబ్బు వసూలు చేసుకునే హక్కుకి వేలం, అదే ఆశీలు పాట, మాత్రం పెట్టకండి. కాంట్రాక్టరు చేతికి పోయిన మరుసటి వారమే ఆ యాభై కాస్తా రెండు వందలవుతుంది.