రేటు పెరిగింది, ఆర్‌వీయూ తగ్గింది

అమెరికాలో ప్రధానంగా వృద్ధులకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా మెడికేర్. 2026లో అది డాక్టర్ల ఫీజు పెంచిన మాట నిజమే. కన్వర్షన్ ఫ్యాక్టర్, అంటే ఒక్కో యూనిట్‌కు కట్టే రేటు, 2025లో 32.35 డాలర్లు. ఇప్పుడది చాలామందికి 33.40, అర్హతగల ప్రత్యామ్నాయ చెల్లింపు పథకాల్లో ఉన్నవారికి 33.57. ఇందులో 2.5 శాతం అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) ఈ ఒక్క ఏడాదికే ఇచ్చింది. 2001లో ఇదే అంకె 38 డాలర్ల పైన ఉండేది. ధరల పెరుగుదల లెక్క వేయకుండానే సంగతి తెలుస్తోంది కదా.

అసలు మెలిక ఆర్‌వీయూలలో, అంటే ఒక్కో సేవ విలువను కొలిచే యూనిట్లలో ఉంది. డాక్టరు పని, ప్రాక్టీసు ఖర్చు, మాల్‌ప్రాక్టీస్ బీమా: ఈ మూడు ఆర్‌వీయూలనూ ప్రాంతాన్నిబట్టి సవరించి, కూడి, కన్వర్షన్ ఫ్యాక్టర్‌తో హెచ్చిస్తే ఫీజు వస్తుంది. ఈ ఏడాది 'ఎఫిషియెన్సీ' పేరిట, సమయాన్నిబట్టి లెక్కగట్టని సేవల పని ఆర్‌వీయూలో 2.5 శాతం కోశారు. ఆపరేషన్లు, ఎండోస్కోపీలు, స్కాన్ రీడింగులు చాలావరకు ఇందులోకే వస్తాయి. ఆఫీసు విజిట్లకు కోత లేదు. చేయి తిరిగేకొద్దీ పని త్వరగా అవుతుందన్నది మెడికేర్‌ను నడిపే ప్రభుత్వ సంస్థ సీఎంఎస్ వాదన. కొన్ని ప్రొసీజర్లకు అది ఒప్పుకోవాల్సిందే. పొట్ట తెరిచి చేసే కేన్సర్ ఆపరేషన్‌కూ అదే కోత వేయడం మాత్రం అన్యాయం.

ఆస్పత్రి ఉద్యోగంలో ఉన్న స్పెషలిస్టుకు దెబ్బ ఇక్కడే తగులుతుంది. మెడికేర్ రేటు పెరిగితే ఆ డబ్బు ఆస్పత్రి ఖాతాలో పడుతుంది. బోనస్ మాత్రం పని ఆర్‌వీయూల లెక్కన వస్తుంది. కోత పడిన ప్రొసీజర్లతోనే ఏడాదికి 6,000 యూనిట్లు చేసేవారికి అవి 5,850 అవుతాయి. యూనిట్‌కు 60 డాలర్లనుకుంటే 9,000 డాలర్లు పోయినట్టే, పని రవ్వంత కూడా తగ్గకుండా. బోనస్ 5,900 దాటాకే మొదలయ్యే కాంట్రాక్టయితే అసలేమీ రాదు.

కాబట్టి కాంట్రాక్టులో 'అమల్లో ఉన్న ఫీజు షెడ్యూల్' అనే మాట కనబడితే అక్కడే ఆగండి. '2025 షెడ్యూల్ విలువల ప్రకారం' అని రాయించుకోండి. ఆ తర్వాత వచ్చే కొత్త బిల్లింగ్ కోడ్‌లకు మాత్రం అవి వచ్చిన ఏటి విలువ తీసుకోవాలని చేర్చండి, లేకపోతే వాటికి లెక్కే ఉండదు. ఆస్పత్రి ఒప్పుకోకపోతే, బోనస్ మొదలయ్యే హద్దునైనా 2.5 శాతం దించమనండి.

జే-1 వీసాపై అమెరికాలో శిక్షణ పొందిన డాక్టర్లు రెండేళ్లు స్వదేశానికి వెళ్లాలన్న నిబంధన నుంచి మినహాయింపు (వెయివర్) ఇచ్చే కాన్రాడ్ 30 పథకాన్ని వాడుకునే మన పిల్లలకు ఇది మరీ ముఖ్యం. వాళ్లు మూడేళ్లు ఆ ఉద్యోగానికే కట్టుబడాలి, అసాధారణ కారణాలుంటే తప్ప మధ్యలో మారడం కుదరదు. బేరమేదైనా సంతకానికి ముందే ఆడాలి.