జై అనుసంధాన్ సరే, ఫెలోషిప్ ఏదీ?

ఫెలోషిప్ డబ్బులు నెలల తరబడి పడటం లేదని పరిశోధక విద్యార్థులు మొత్తుకోవడం, సాంకేతిక కారణాలంటూ ఢిల్లీ తప్పించుకోవడం మామూలైపోయింది. ముప్పై ఏళ్లకు దగ్గరపడ్డ స్కాలర్ మెస్ బిల్లు కోసం ఇంటికి ఫోన్ చేయాల్సి వస్తోంది. వేదికల మీద మాత్రం ‘జై అనుసంధాన్’, అంటే పరిశోధనకు జై, మోగుతూనే ఉంది. 2019లో ప్రధాని స్వయంగా ‘జై జవాన్, జై కిసాన్’ పక్కన చేర్చిన మాట అది.

అసలు ఈ పరిశోధనలు దేనికి పనికొస్తాయని అడిగే పెద్దలకు ఒక పసిపిల్లల జబ్బు సంగతి చెప్పాలి. పుట్టినరోజు ఫొటోలో ఫ్లాష్ వెలుగుకు పాప ఒక కన్ను ఎర్రగా, రెండోది తెల్లగా, పిల్లికన్నులా మెరుస్తుంది. ఇంట్లోవాళ్లు కెమెరా తేడా అనుకుంటారు. అది రెటినోబ్లాస్టోమా కావచ్చు. ఎక్కువగా ఐదేళ్లలోపు వచ్చే కంటి కేన్సర్. పుట్టే 15 నుంచి 20 వేల మందిలో ఒకరికి వస్తుంది.

ఇంత అరుదైన జబ్బు మీద ఏళ్లు ధారపోసినవారున్నారు. అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ నడ్సన్ అనే పిల్లల డాక్టర్ 48 మంది రోగుల రికార్డులు ముందేసుకుని కూర్చున్నారు. రెండు కళ్లకూ వచ్చిన పిల్లలకు ఏ వయసులో బయటపడింది, ఒక కంటికే వచ్చినవారికి ఎప్పుడు బయటపడింది అని లెక్కగట్టారు. ఈ కేన్సర్ రావాలంటే జన్యువుకు రెండు దెబ్బలు తగలాలని, వంశంలో ఉన్న పిల్లలు మొదటి దెబ్బతోనే పుడతారని 1971లో ప్రతిపాదించారు. పెద్ద యంత్రాలేమీ లేవు, కాగితం మీది లెక్కే. ఆ జన్యువు చేతికి చిక్కింది 1986లో. పిల్లలకు తీసేసిన కళ్లలోని కణితులను పరిశోధించిన బోస్టన్ కంటి డాక్టర్ థాడియస్ డ్రైజా, కేన్సర్ శాస్త్రవేత్త రాబర్ట్ వైన్‌బర్గ్ ల్యాబ్‌లోని స్టీఫెన్ ఫ్రెండ్‌తో కలిసి పట్టుకున్న ఆర్‌బీ1, కేన్సర్‌కు కళ్లెం వేసే జన్యువుల్లో మొట్టమొదట దొరికినది.

మధ్యలో గడిచింది పదిహేనేళ్లు. మన దగ్గరైతే ఈలోగా ఎన్నిసార్లు ఫైలు వెనక్కి వచ్చేదో!

కణం ఎప్పుడు విభజన చెందాలో ఆ జన్యువు తయారుచేయించే ఆర్‌బీ ప్రొటీన్ కాపలా కాస్తుంది. ఆ కాపలాదారును పక్కకు నెట్టే ఎంజైములను ఆపేదే పాల్బోసిక్లిబ్ అనే మందు. 2015లో అమెరికా అనుమతించిన ఈ మందును ఇవాళ మన ఆసుపత్రుల్లోనూ రొమ్ము కేన్సర్‌కు రాస్తున్నారు. పాప కంటి మీద చేసిన పని అమ్మ ప్రాణానికి అక్కరకొచ్చింది. 1971లో ఎవరైనా ‘ప్రయోజనం ఏమిటి?’ అని నిలదీసి ఉంటే నడ్సన్ ఈ మాట చెప్పగలిగేవారా?

హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో, చెన్నై శంకర నేత్రాలయలో ఈ జబ్బుకు చికిత్సతోపాటు పరిశోధనా సాగుతోంది. పెద్దబిడ్డకు ఈ కేన్సర్ వచ్చిన ఇంట్లో చంటిబిడ్డకూ ముప్పు ఉందో లేదో జన్యుపరీక్ష చెప్పగలుగుతోందంటే ఇలాంటి పని వల్లే. అలాంటి పనికి ప్రభుత్వం చూపిన ఆదరణ ఎలాంటిది? 2024 జులై బడ్జెట్లో ల్యాబ్ రసాయనాల మీద దిగుమతి సుంకాన్ని 10 శాతం నుంచి ఏకంగా 150 శాతానికి పెంచేశారు. శాస్త్రవేత్తలు గగ్గోలు పెట్టాక గానీ వెనక్కి తగ్గలేదు. సంతకం పెట్టే ముందు ఒక్క ల్యాబ్‌నైనా అడిగారా? పరిశోధనలకు నిధులిచ్చే జాతీయ పరిశోధన ఫౌండేషన్‌కు ఐదేళ్లలో 50 వేల కోట్లని చాటింపు వేశారు. అందులో 36 వేల కోట్లు ప్రైవేటువాళ్ల నుంచి రావాలట! పరిశోధనకు దేశం పెడుతున్నది జీడీపీలో 0.64 శాతం. దక్షిణ కొరియా పెట్టేది 4 శాతానికి పైనే.

ప్రజాధనానికి లెక్క అడగాల్సిందే, కాదనం. కానీ లెక్క అడిగే హక్కు డబ్బు ఇచ్చినవాడిది. ఇవ్వకుండా అడగడం, ఎవరో సాధించాక దండలు పట్టుకుని ఫొటోకు నిలబడటం రెండు నాల్కల ధోరణి. నినాదం ఇచ్చేది మీరే, ఫైలు తొక్కిపెట్టేదీ మీరే.

ఒకటో తారీఖున మీ జీతాలకు అడ్డురాని సాంకేతిక కారణాలు వాళ్ల ఫెలోషిప్‌లకే ఎందుకు అడ్డొస్తున్నాయి? ముందు ఆ బకాయిలు వేయండి. ఆ తర్వాత మైకు పట్టుకోండి.