లంచాల్లో అయినా అందరికీ సమాన వాటా ఉండాలి కదండీ

మొన్న రాత్రి ఒక హాలీవుడ్ పోలీస్ అవినీతి సినిమా చూశానండీ, పేరెందుకులే, ఒకటి చూస్తే పది చూసినట్టే. పోస్టర్ చూస్తేనే కడుపు నిండిపోయింది, మధ్యలో తెల్ల హీరో, పక్కన నల్లజాతి లేడీ కెప్టెన్, ఆ పక్కన లాటినో (లాటిన్ అమెరికా మూలాలవాడు) పార్ట్‌నర్, వెనకాల కొంచెం మసగ్గా ఒక ఏషియన్ కుర్రాడు. ఆహా, అవినీతి ఇన్నాళ్ళకి అందరిదీ అయ్యింది అనుకున్నా.

తీరా చూస్తే ఏముంది. కెప్టెన్ గారికి ఇచ్చిన పనల్లా హీరో మీద అరిచి బ్యాడ్జీ, గన్నూ టేబుల్ మీద పెట్టమనడం, రెండోసారి అరిచి తలుపు దభీమని వేసి వెళ్ళింది, మళ్ళీ కనపడితే ఒట్టు. ఏషియన్ కుర్రాడు కంప్యూటర్ ముందు నుంచి లేస్తే గదా లంచం తీసుకోడానికి. లాటినో పార్ట్‌నర్ కార్లో కూర్చుని పెళ్ళాం పిల్లల ఫోటో బయటికి తీశాడు, తీయగానే నాకర్థమైపోయింది వీడికి నూకలు చెల్లాయని.

ఇక డబ్బు పంచుకునే సీను. టేబుల్ నిండా నోట్ల కట్టలు, చుట్టూ ఆరుగురు, అన్ని రంగుల చేతులూ కనపడతాయి, చేతులు మాత్రమే. మొహం హీరోది ఒక్కడిదే, తీసుకోవాలా వద్దా అని అతను నలిగిపోతుంటే వెనకాల పియానో. మిగతా ఐదుగురూ గబగబా జేబులో కుక్కేసుకున్నారు. వాళ్ళకి మనస్సాక్షి లేదా, లేక అది హీరో పేరు మీదే రిజిస్టర్ అయిపోయిందా?

ఆస్కార్ వాళ్ళు దీని గురించి ఆలోచించకపోలేదు. 2020లో రూల్స్ ప్రకటించారు, 2024 అవార్డుల నుంచి బెస్ట్ పిక్చర్ పోటీకి రావాలంటే నాలుగు స్టాండర్డ్స్‌లో రెండు దాటాలి, తెర మీద లెక్కకి ఒక దారేంటంటే చిన్న పాత్రల్లో కనీసం 30 శాతం ఇప్పటిదాకా అవకాశాలు తక్కువొచ్చిన వర్గాల వాళ్ళు ఉండటం. మంచి రూలే, కాదన్ను. కాకపోతే ఆ 30 శాతంలో గంట గడిచేసరికి ఎంతమంది బతికుండాలో ఎక్కడా రాయలేదు.

నల్లజాతి నటుడికి అసలు న్యాయమే జరగలేదా అంటే జరిగింది బాబూ. 1964లో సిడ్నీ పాటియర్ తర్వాత బెస్ట్ యాక్టర్ మళ్ళీ 2002లో డెంజెల్ వాషింగ్టన్‌కి వచ్చింది. అంతకుముందు నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడిన మాల్కం ఎక్స్‌గా చేస్తే నామినేషన్‌తో సరిపెట్టి అవార్డు అల్ పచినో చేతిలో పెట్టారు, 1973లో లంచం ముట్టని పోలీసు సెర్పికోగా చేసింది ఈ పచినోనే. ఆ తర్వాత డెంజెల్ ట్రైనింగ్ డే అనే సినిమాలో నిలువెల్లా కుళ్ళిన డిటెక్టివ్‌గా చేశాడు, ఇంక ఆలస్యం చెయ్యలేదు, ఇచ్చేశారు. అద్భుతంగా చేశాడు, అందులో డౌట్ లేదు, నా డౌటల్లా వేరే.

ఆ సెర్పికో నిజంగా ఉన్న పోలీసే, ఆయన బయటపెట్టిన బాగోతం వల్లే న్యూయార్క్‌లో 1970లో పోలీసుల లంచాల మీద విచారణకి నాప్ కమిషన్ వేశారు. వాళ్ళు తేల్చిందేంటంటే లంచగొండి పోలీసులు రెండు రకాలు, వచ్చింది పుచ్చుకునేవాళ్ళు గడ్డి తినేవాళ్ళు, వెంటపడి గుంజేవాళ్ళు మాంసం తినేవాళ్ళు. (గడ్డి తినడం అంటే ఏంటో మనకి ఏ కమిషనూ వెయ్యకుండానే తెలుసు.) నేను చూసిన సినిమాలో అయితే మాంసమంతా హీరో తిన్నాడు, తిన్నాక బాధ కూడా అతనే పడ్డాడు, మిగతావాళ్ళకి గడ్డి మిగిలింది. నా డిమాండ్ చిన్నదే, మాంసంతో పాటు ఆ బాధ కూడా తలా కాస్త పంచండి, పియానోతో సహా.

ఒక్క మనిషిని మర్చిపోయానండోయ్. మొదటి సీన్లో హీరో ఒక కొట్లోకి వెళ్ళి గల్లాపెట్టె లాగి నోట్లు తీసుకుంటుంటే ఒక ముసలాయన, ఆయనా లాటినోనే, చేతులు కౌంటర్ మీద ఆన్చి అలా చూస్తూ నిలబడతాడు. ఆయనెవరో తెలుసుకుందామని చివర్న పేర్లు పడేదాకా కూర్చున్నా. షాపు ఓనర్ 2 అని వేశారు. హీరో గారి కుక్కకి మాత్రం పేరుంది.