నలభై స్పోకుల గడియారం

పాత సైకిలు కనపడితే నా చెయ్యి ఊరుకోదు. జనానికి అది తుప్పు. నాకందులో లాంపు, అద్దం ఫ్రేము, గొడుగుల స్టాండు కనిపిస్తాయి. తప్పు నాదొక్కడిదే కాదు. 1942లో పికాసో ఒక సైకిలు సీటూ హ్యాండిలూ కలిపితే ఎద్దు తలకాయ అయింది. నేనూ కలిపాను. మా ఇంట్లో దాని కొమ్ముల మీద తడి తువ్వాలు ఆరేస్తున్నారు.

సరే, ఈసారి పనికొచ్చేదే చేద్దామని, అటక మీది తాతగారి సైకిలు దింపి, వెనక చక్రంతో గోడ గడియారం మొదలెట్టాను. కింద లోలకంలా ఓ పెడలు వేలాడితే ఎంత అందం! ఎడమ పెడలు అరగంట విప్పాను. అంటే, విప్పుతున్నాననుకున్నాను. తొక్కుతుంటే ఊడిపోకుండా ఎడమ పెడలుకి మరలు తిరగేసి ఉంటాయి. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. నేను అరగంటా చెమటోడ్చి బిగించాను.

"ఏవండీ, అది ఇంకా లోపలికి పోతున్నట్టుంది" అంది మా ఆవిడ. లోలకం ఆలోచన అక్కడితో సరి.

ఇక అంకెలు. పన్నెండు మూళ్లు ముప్పై ఆరు. మూడు స్పోకులకొక అంకె. పైన 12 అతికించి, లెక్కపెట్టుకుంటూ 11 దాకా వచ్చి చూస్తే, 11కీ 12కీ మధ్య ఏడు స్పోకుల మైదానం! ఇప్పటి చక్రాలకి చాలావాటికి 36 స్పోకులు. ఇంగ్లీషు తరహా పాత సైకిళ్లకి మాత్రం, బరువంతా మోసేది వెనక చక్రం కాబట్టి దానికి 40, ముందుదానికి 32. ఈ సంగతి జిగురు ఆరాక తెలిసింది.

"ఇదేంటండీ ఇంత ఖాళీ?"

"డిజైన్" అన్నాను. ఈ మాట కనిపెట్టినవాడికి రోజూ దణ్ణం పెట్టుకోవాలి.

మర్నాడు మా మామగారు ఊరికి వెళ్లాలి. పదిన్నరకి రైలు. గడ్డం గీసుకుంటూ హాల్లోకి తొంగిచూసి, "పదయిపోయిందర్రా!" అని కేకేసి, ఒక చెంప మీద నురగతోనే సంచీ తీసుకుని పరుగెత్తారు. నా లెక్కలో 10 పడింది ముప్పయ్యో స్పోకు మీద. నలభైలో ముప్పై అంటే చక్రానికి ముప్పాతిక. సరిగ్గా తొమ్మిది ఉండాల్సిన చోటు.

కాసేపటికి ఫోను.

"అల్లుడుగారూ, ఈ స్టేషన్లో గడియారం గంట వెనక నడుస్తోంది. ఎవరికైనా చెప్పమంటారా?"

పెద్దాయన నమ్మకం చెడగొట్టడం ఎందుకని, "వాళ్లకి మామూలేనండీ" అన్నాను. మా ఆవిడ నా వంక చూసిన చూపు ఇక్కడ రాయను. 1913లో ఫ్రెంచి కళాకారుడు మార్సెల్ డుషాంప్ స్టూలు మీద సైకిలు చక్రం నిలబెట్టాడు. అదృష్టవంతుడు, దాన్ని చూసుకుని రైలుకి బయల్దేరే మామగారు లేరు.

ముందు చక్రం ఇంకా మిగిలే ఉంది. ముప్పై రెండు స్పోకులు. నాలుగేసి చొప్పున పంచితే ఒక్కటి కూడా మిగలదు, లెక్క అద్భుతంగా కుదురుతోంది. కాకపోతే గడియారంలో ఎనిమిది గంటలే వస్తాయి. పానా ఎక్కడ దాచిందో మా ఆవిడ చెప్పడం లేదు.