తెలుగు కాగితానికీ తేదీ వేయాలి

టోక్యోలోని ఒక కంపెనీ అక్కడ జపనీస్ భాషలో పేటెంట్ దరఖాస్తు వేసింది. పన్నెండు నెలల్లోగా దాన్నే ఇంగ్లిషులో చెన్నై గిండీలోని పేటెంట్ కార్యాలయానికి పంపితే, మన దేశంలోనూ ఆ ఆవిష్కరణకు టోక్యో తేదీయే లెక్క. జపనీస్ ప్రతి ఎక్కడని అడిగితే, ధ్రువీకరించిన అనువాదం జతచేస్తే సరిపోతుంది. అదే అంబత్తూరు పారిశ్రామికవాడలో లేత్ మీద పనిచేసే నెల్లూరు ఫిట్టర్ తాను తయారుచేసిన యంత్రం గురించి తెలుగులో రాసి గిండీకి పట్టుకెళితే ఆ కాగితానికి తేదీ పడదు. పత్రాలు ఇంగ్లిషులోనో హిందీలోనో ఉండాలన్నది 2003 నాటి పేటెంట్ నిబంధనల్లో తొమ్మిదోది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు, కర్ణాటక, కేరళ, పుదుచ్చేరి, లక్షద్వీప్ గిండీ పరిధిలోవే. వాటిలో ఏ రాష్ట్ర ప్రజల భాషకూ ఆ కౌంటర్ దగ్గర చోటు లేదు. ఇది అన్యాయం. దీన్ని సరిదిద్దడం కష్టమూ కాదు.

పేటెంట్ వ్యవహారంలో తేదీయే ప్రాణం. ఇద్దరు ఒకే ఉపాయం కనిపెడితే, ముందు ఎవరు దరఖాస్తు పెట్టారన్నదే చూస్తారు. అందుకే చట్టం ప్రొవిజనల్ స్పెసిఫికేషన్ అనే వెసులుబాటు ఇచ్చింది. ఆలోచన రూపు దిద్దుకోగానే వివరం రాసి, బొమ్మ గీసి దాఖలు చేస్తే తేదీ ఖాయమవుతుంది. క్లెయిములతో, అంటే ఏయే అంశాలపై హక్కు కావాలో చెప్పే వాక్యాలతో కూడిన పూర్తి స్పెసిఫికేషన్‌కు పన్నెండు నెలల గడువుంటుంది. వ్యక్తులు ఆన్‌లైన్‌లో వేస్తే రుసుము రూ.1,600, ఆ తర్వాత పరీక్షకు రూ.4,000. దరఖాస్తు రాసిపెట్టే పేటెంట్ ఏజెంటు ఫీజు దీనికి ఎన్నో రెట్లు. సొంతంగా రాసుకోలేనివారికి అసలు బరువు అక్కడే పడుతుంది.

ప్రొవిజనల్‌లో రాసిన అంశాలకే ఆ తేదీ వర్తిస్తుందని చాలామందికి తెలియదు. ఎండుమిర్చి తొడిమలు తీసే యంత్రాన్నే తీసుకుందాం. ఎదురెదురుగా తిరిగే రెండు రబ్బరు రోలర్ల మధ్య తొడిమ చిక్కి ఊడిపోవాలి, కాయ మాత్రం చితకకూడదు. కాయ బాగా ఎండి ఉంటే పెళుసుగా విరిగి గింజ రాలుతుంది, చెమ్మగా ఉంటే తొడిమ జారిపోతుంది. ఫిట్టర్ రోలర్‌కు స్ప్రింగు బిగించి, కాయను బట్టి సందు దానంతటదే సర్దుకునేలా చేశాడనుకుందాం. కొత్తదనమంతా ఆ స్ప్రింగులోనే ఉంది. అతని మాటను ఇంగ్లిషులోకి మార్చినవారు ‘రెండు రోలర్లతో తొడిమలు తీసే యంత్రం’ అని అరపేజీలో తేల్చేస్తే, స్ప్రింగుకు ఆ తేదీ దక్కదు. ఏడాది తర్వాత పూర్తి స్పెసిఫికేషన్‌లో దాన్ని చేర్చినా, ఆ అంశానికి చేర్చిన రోజే లెక్క. మధ్యలో ఇంకొకరు అదే స్ప్రింగుతో దరఖాస్తు వేసి ఉంటే ఇతని శ్రమ బూడిదలో పోసినట్టే. ‘మూడు మిల్లీమీటర్ల సందు’ అని క్లెయిమును బిగించేసినా చిక్కే. పోటీదారు సందును నాలుగు మిల్లీమీటర్లు చేసి తప్పించుకుంటాడు.

ఒక్కో అంకె, ఒక్కో మాట ఎంత దూరం లాక్కెళతాయో మద్రాసు హైకోర్టులో బజాజ్, టీవీఎస్‌ల మధ్య నడిచిన వ్యాజ్యం చూపింది. ఇంజన్ సిలిండర్‌లో ఇంధనం తక్కువ, గాలి ఎక్కువ ఉన్న మిశ్రమం ఒక్క స్పార్క్ ప్లగ్‌తో నెమ్మదిగా మండుతుంది. రెండు ప్లగ్‌లు పెడితే మంట త్వరగా పరుచుకుంటుంది. సిలిండర్ లోపలి వ్యాసం 45 నుంచి 70 మిల్లీమీటర్ల మధ్య ఉండే చిన్న ఇంజన్లలో ఈ ఏర్పాటుకు బజాజ్ 195904 నంబరు పేటెంట్ పొందింది. టీవీఎస్ ఫ్లేమ్ బండిలోనూ రెండు ప్లగ్‌లున్నాయి, కానీ వాల్వులు మూడు. పేటెంట్ రెండు వాల్వుల ఇంజన్‌కే పరిమితమా, మూడింటికీ వర్తిస్తుందా అన్నది వాదనల్లో కీలకమైంది. 2008లో సింగిల్ జడ్జి టీవీఎస్‌ను నిలువరించారు. 2009లో డివిజన్ బెంచ్ ఆ ఆంక్ష ఎత్తేసింది. అదే ఏడాది సెప్టెంబరులో సుప్రీంకోర్టు అమ్మకాలకు అనుమతించి, వ్యాజ్యాన్ని త్వరగా తేల్చాలని ఆదేశించింది. న్యాయవాదుల దండు ఉన్న కంపెనీలకే మాటల దగ్గర ఇంత పీకులాట తప్పలేదు. పరాయి భాషలో తన యంత్రాన్ని వర్ణించమంటే ఫిట్టర్ ఏం కావాలి?

చేతిపని తెలిసినవారి బుర్రలోంచి పేటెంట్‌కు తగిన సరుకు రాదనేవారు ఆలేరు వెళ్లి చూడాలి. పోచంపల్లి చీరకు ఆసు పోసేటప్పుడు, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చుట్టేటప్పుడు, మధ్య మేకు నుంచి అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల దాకా చేయి వేలసార్లు తిప్పాలి. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆ పనిని యంత్రానికి అప్పగించారు. దానికి పేటెంట్ దక్కింది, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ప్రొవిజనల్ దరఖాస్తులను తెలుగు, తమిళం, కన్నడం, మలయాళంలో స్వీకరించాలని, పూర్తి స్పెసిఫికేషన్‌తోపాటు ధ్రువీకరించిన అనువాదం అడగాలని మేం కోరుతున్నాం. దరఖాస్తులను పరీక్షించే ఎగ్జామినర్లకు తెలుగు రాదన్న అభ్యంతరం ఇక్కడ నిలవదు. ప్రొవిజనల్‌ను విడిగా ఎవరూ పరీక్షించరు, ప్రచురించరు. తేదీ వేసి భద్రపరచడమే పని. పరీక్షకు వెళ్లేది ఇంగ్లిషు ప్రతే. అమెరికాలో ప్రొవిజనల్ ఏ భాషలోనైనా వేయొచ్చు. యూరోపియన్ పేటెంట్ కార్యాలయం ఏ భాషలో వచ్చిన దరఖాస్తునైనా తీసుకుని, అనువాదానికి రెండు నెలలిస్తుంది. పైగా ఈ భాషా నియమం నిబంధనల్లోనిది కాబట్టి కేంద్రం ముసాయిదా ప్రకటించి, అభ్యంతరాలు విని మార్చుకోవచ్చు.

ఈలోగా మన వర్క్‌షాపుల్లోని వారు జాగ్రత్తపడాలి. తెలుగులోనే అయినా ముందు అంతా రాసి పెట్టుకోండి. ప్రతి భాగానికీ బొమ్మలో అంకె వేయండి. కొలత చెప్పినచోట అది ఎంతవరకు పెరిగినా, తగ్గినా పనిచేస్తుందో చెప్పండి. రబ్బరు బదులు ఇంకేం వాడొచ్చో, ఏ పద్ధతి ఎందుకు పనికిరాలేదో కూడా రాయండి. ఇంగ్లిషులోకి మార్చిన ప్రతిని మీ తెలుగు ప్రతితో వాక్యం వాక్యం చదివించుకున్నాకే సంతకం పెట్టండి. దరఖాస్తు నంబరు చేతికొచ్చేదాకా యంత్రం వీడియోను ఎక్కడా పెట్టొద్దు, ప్రదర్శనల్లో నడిపి చూపొద్దు. ముందే నలుగురికీ చూపిన యంత్రం కొత్తది కాదంటూ దరఖాస్తును తోసిపుచ్చే వీలుంది. ప్రదర్శనలకు చట్టం ఇచ్చే పన్నెండు నెలల మినహాయింపు కేంద్రం గెజిట్‌లో నోటిఫై చేసినవాటికే గానీ ఊళ్లో జరిగే ప్రతి ఎగ్జిబిషన్‌కూ కాదు.