డెడ్‌లైన్‌కి ముందు కొనాల్సింది మూడో లైన్ ఆటగాళ్లనే

2021 జూన్ 30, టాంపా. ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో స్టాన్లీ కప్ ఫైనల్ రెండో మ్యాచ్, స్కోరు 1-1. రెండో పీరియడ్ అయిపోవడానికి రెప్పపాటు కాలమే ఉంది. బార్‌క్లే గుడ్రో పక్‌ని (ఈ ఆటలో బంతిలాంటి రబ్బరు బిళ్లని) తోసుకుంటూ దూసుకొచ్చి పక్కకి అందించాడు. మాంట్రియల్ ఆటగాడు మీద పడుతున్నా బ్లేక్ కోల్‌మన్ మంచు మీదికి బోర్లా దూకి, ఒంటిచేత్తో స్టిక్ చాచి పక్‌ని నెట్‌లోకి కొట్టేశాడు. టాంపా బే లైట్నింగ్ ఆ మ్యాచ్ గెలిచింది. సరిగ్గా వారానికి కప్పూ గెలిచింది.

పాస్ ఇచ్చినవాడూ గోల్ కొట్టినవాడూ ఇద్దరూ 2020 ఫిబ్రవరిలో ట్రేడ్ డెడ్‌లైన్ (జట్లు ఆటగాళ్లని ఇచ్చిపుచ్చుకోవడానికి ఏటా ఉండే ఆఖరి గడువు) ముందు టాంపాకి వచ్చినవాళ్లే. కప్పు ఆశలున్న జట్టు ఆ గడువు లోపు ఆటగాళ్లని కొనాలా, ఉన్నవాళ్లతోనే సరిపెట్టుకోవాలా అని ఎన్‌హెచ్‌ఎల్‌లో ఏటా చర్చ నడుస్తుంది. గడువు దాటాక తెచ్చుకున్నవాణ్ని ప్లేఆఫ్స్‌లో, అంటే కప్పు కోసం జరిగే నాకౌట్ సిరీస్‌లలో, దింపే వీలుండదు కాబట్టి ఆ రోజుకి అంత విలువ. నా మటుకు నాకు సమాధానం స్పష్టం. కొనాలి. అయితే ఏం కొనాలో కిందటేడు ఓడిపోయిన తీరు చెప్పాలి, మార్కెట్లో మోగే పేర్లు కాదు.

టాంపా సంగతే చూడండి. 2018-19లో 62 మ్యాచ్‌లు గెలిచి 128 పాయింట్లతో లీగ్‌లో అగ్రస్థానంలో నిలిచింది. ఇంత బాగా ఆడుతున్న జట్టుని కదిలించడం ఎందుకని ఆ డెడ్‌లైన్‌కి చేతులు కట్టుకు కూర్చుంది. ప్లేఆఫ్స్ తొలి రౌండ్‌లోనే కొలంబస్ చేతిలో నాలుగు మ్యాచ్‌లూ ఓడి 0-4తో చిత్తయింది. కుచెరోవ్, స్టామ్‌కోస్, పాయింట్ లాంటి గోల్ వీరులకి అక్కడ కొదవ లేదు. లేనిదల్లా ప్రత్యర్థి అగ్రశ్రేణి లైన్‌ని (కలిసి దిగే ముగ్గురు ఫార్వర్డ్‌లని) కాచుకుని, రింకు చుట్టూ ఉండే బోర్డుల దగ్గర ఒళ్లు హూనం చేసుకునైనా పక్‌ని గుంజుకొచ్చేవాళ్లు. మరుసటి ఏడాది జనరల్ మేనేజర్ జూలియన్ బ్రీజ్‌బ్వా వాళ్ల కోసమే వెతికాడు. కోల్‌మన్ కోసం ఒక ఫస్ట్ రౌండ్ పిక్ (కొత్త కుర్రాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్ అవకాశం), ఒక కుర్ర ఆటగాడు. గుడ్రో కోసం మరో ఫస్ట్ రౌండ్ పిక్. మూడో లైన్ వాళ్లకి ఇంత ధరా అని చాలామంది ముక్కున వేలేసుకున్నారు.

ఆ లెక్కలో రెండు విషయాలు వాళ్ల కంటపడలేదు. ఒకటి సాలరీ క్యాప్, అంటే జట్టు మొత్తం జీతాల మీద ఉండే పరిమితి. కోల్‌మన్ జీతం ఏడాదికి 18 లక్షల డాలర్లు, గుడ్రోది 9.25 లక్షలు, పైగా ఇద్దరికీ ఇంకో ఏడాది కాంట్రాక్టు ఉంది. అంటే ఒక్క ధరకి రెండు ప్లేఆఫ్స్. రెండోది, గెలిచినకొద్దీ మనం వదులుకున్న పిక్ విలువ తగ్గుతుంది. టాంపా 2020లో కప్పు గెలవడంతో గుడ్రో కోసం ఇచ్చిన పిక్ ఫస్ట్ రౌండ్‌లో ఆఖరిది, 31వది అయింది. యానీ గూర్డ్‌తో కలిసి ఈ ఇద్దరూ ఆడిన లైన్ లేకుండా 2020, 2021 కప్పులు వచ్చేవని నేను నమ్మను.

కొనడంలో తప్పులూ జరుగుతాయి. 2013 ఏప్రిల్‌లో వాషింగ్టన్, మార్టిన్ ఎరాట్ కోసం ఫిలిప్ ఫోర్స్‌బర్గ్‌ని నాష్‌విల్‌కి ఇచ్చేసింది. ఎరాట్ ఏడాది తిరక్కుండానే వెళ్లిపోయాడు. ఫోర్స్‌బర్గ్ నాష్‌విల్‌కి 300కి పైగా గోల్స్ కొట్టాడు. విత్తనాల వడ్లు దంచుకు తినడం అంటే ఇదే. ఎప్పుడో ఎవరో అయ్యే పిక్ వేరు, ప్రతిభ కళ్లెదుటే కనిపిస్తున్న కుర్రాడు వేరు. మొదటిది ఇవ్వండి, రెండోవాణ్ని అడిగితే ఫోన్ పెట్టేయండి.

డాలస్ చుట్టుపక్కలున్న తెలుగువాళ్లకి ఈ బాధ దగ్గరగా తెలుసు. అక్కడి ఎన్‌హెచ్‌ఎల్ జట్టు స్టార్స్ ప్రాక్టీసు చేసే రింకు ఫ్రిస్కోలోనే ఉంది. 2025 మార్చిలో మికో రాంటనెన్ కోసం ఆ జట్టు లోగన్ స్టాంకోవెన్‌తో పాటు రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లూ ఇచ్చింది. తన పాత జట్టు కొలరాడో మీదే ఏడో మ్యాచ్ మూడో పీరియడ్‌లో రాంటనెన్ హ్యాట్రిక్ కొట్టినప్పుడు ఆ ధర ఎవరికీ గుర్తురాలేదు. తర్వాత ఎడ్మంటన్ చేతిలో ఓడినప్పుడు గుర్తొచ్చింది. ఎనిమిదేళ్ల కాంట్రాక్టుతో వచ్చినవాడు కాబట్టి ఆ ట్రేడ్‌ని నేను సమర్థిస్తాను. అద్దెకి వచ్చినట్టు రెండు నెలలుండి పోయేవాడైతే ఒప్పుకోను.

2023 బోస్టన్‌ని చూపించి, కొన్నా లాభం లేదనేవాళ్లున్నారు. 65 విజయాల రికార్డుతో, ఓర్లోవ్‌నీ బెర్టుజ్జినీ తెచ్చుకుని కూడా ఫ్లోరిడా మీద సిరీస్‌లో 3-1 ఆధిక్యాన్ని పోగొట్టుకుంది. ఏడో మ్యాచ్‌లో ఇంకో నిమిషం కాచుకుంటే గట్టెక్కేది. ఆ నిమిషంలోనే స్కోరు సమమైంది, ఓవర్‌టైమ్‌లో ఫ్లోరిడా ఆటగాడు వెర్హేగీ గోల్ కొట్టి ముంచాడు. పక్ ఒక్కసారి అటూ ఇటూ ఎగిరితే సిరీస్ తిరగబడే ఆట ఇది. బోస్టన్ కొనకపోయి ఉంటే ఆ ఓటమి తప్పేదా?

ఇక కొలంబస్. 2019లో ఆ జట్టు, ఆ వేసవితో కాంట్రాక్టు ముగిసే పనారిన్, బొబ్రోవ్‌స్కీలని అమ్ముకోకుండా, పైపెచ్చు డుషేన్‌నీ డింగెల్‌నీ కొని ఉన్నదంతా ఒడ్డింది. జూలై 1న పనారిన్, బొబ్రోవ్‌స్కీ, డుషేన్ ముగ్గురూ వేరే జట్లతో సంతకం చేశారు. తెలివితక్కువ పని చేసిందని దాన్ని ఇప్పటికీ వెక్కిరిస్తారు. 2000లో మొదలైన ఆ జట్టు అప్పటివరకూ ఒక్క ప్లేఆఫ్ సిరీస్ కూడా గెలవలేదు. ఏప్రిల్ 16న టాంపా మీద 7-3తో సిరీస్ ముగించిన రాత్రి ఆ స్టేడియంలో నిలబడి అరిచిన అభిమానిని అడగండి, ఆ ముగ్గురూ పోయినందుకు ఆ రాత్రిని వెనక్కి ఇచ్చేస్తారా అని.